అడ్మిన్ ప్యానెల్‌లో ఎక్స్‌ఎస్‌ఎస్ రంధ్రాలను వెతికి పూడ్చడం ఎలా

వెబ్‌సైట్ బయటి పేజీలను అందరూ జాగ్రత్తగా చూస్తారు. అడ్మిన్ ప్యానెల్ దగ్గరికి వచ్చేసరికి "ఇది మనవాళ్లే చూసేది కదా" అని వదిలేస్తారు. ఎక్స్‌ఎస్‌ఎస్ (క్రాస్ సైట్ స్క్రిప్టింగ్, అంటే బయటివాళ్లు రాసిన స్క్రిప్ట్ మన పేజీలో నడవడం) విషయంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. అడ్మిన్ పేజీని చూసేది మనవాళ్లే, కానీ ఆ పేజీలో కనిపించే సమాచారంలో ఎక్కువ భాగం రాసేది బయటివాళ్లు. రిజిస్టర్ చేసుకున్నప్పుడు ఇచ్చిన పేరు, సపోర్ట్ టికెట్ సబ్జెక్ట్, అప్‌లోడ్ చేసిన ఫైల్ పేరు, ఆర్డర్‌తో పాటు రాసిన నోట్ అన్నీ చివరికి అడ్మిన్ లిస్ట్ పేజీకే చేరతాయి. ఎవరో అపరిచితుడు టైప్ చేసిన అక్షరాలు, మీ సైట్‌లో అన్నిటికన్నా ఎక్కువ అధికారం ఉన్న సెషన్‌లో తెరుచుకుంటాయి.

ఆ అక్షరాల్లో స్క్రిప్ట్ ఉండి, బ్రౌజర్ దాన్ని నడిపిందంటే, ఇక అది అడ్మిన్ చేయగలిగినవన్నీ చేయగలదు. కొత్త సూపర్‌యూజర్‌ని సృష్టించగలదు, యూజర్ల వివరాలన్నీ బయటికి పంపగలదు. దాడి చేసినవాడికి అడ్మిన్ పేజీ అడ్రస్ కూడా తెలియనక్కర్లేదు. ఒక ఫారంలో రాసి వదిలేస్తాడు. లోపల ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తెరుస్తారు. దీన్నే బ్లైండ్ ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారు.

ఈ గైడ్‌లో ఉదాహరణలు ఎక్కువగా జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌వి. దాని అడ్మిన్ ఫ్రేమ్‌వర్క్‌తో పాటే వస్తుంది, దాన్ని వాడేవాళ్లు చాలామంది, పైగా అందులో దొరికిన లోపాలన్నీ బహిరంగంగా నమోదై ఉన్నాయి. రైల్స్, లారవెల్, ఫ్లాస్క్, వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు పేర్లు మారతాయి గానీ పని అదే. ఒక్క మాట ముందే: ఇందులోని పరీక్షలు మీ సొంత కోడ్ మీద, లేదా రాతపూర్వకంగా అనుమతి ఉన్న సైట్ మీద మాత్రమే చేయండి. అది కూడా వీలైనంత వరకు లోకల్ కాపీ మీదే.

మొదటి అడుగు: బయటి మాటలు ఏ దారిలో లోపలికి వస్తున్నాయో రాసుకోండి

కోడ్ తెరవకముందు ఒక కాగితం తీసుకోండి. అడ్మిన్‌లో రిజిస్టర్ చేసిన ప్రతి మోడల్ పేరు రాసి, దాని పక్కన బయటివాళ్లు నింపగలిగే ఫీల్డ్‌లు రాయండి. పేరు, చిరునామా, కామెంట్ లాంటివి వెంటనే తడతాయి. తట్టనివే అసలు ప్రమాదం. లాగ్ టేబుల్‌లో దాచిన బ్రౌజర్ యూజర్ ఏజెంట్, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే రిఫరర్ హెడర్, సోషల్ లాగిన్ నుంచి వచ్చిన డిస్‌ప్లే నేమ్, వేరే సర్వీస్ వెబ్‌హుక్‌లో పంపిన డేటా, ఎక్సెల్ నుంచి ఇంపోర్ట్ చేసిన వరుసలు, ఫెయిల్ అయిన లాగిన్ ప్రయత్నంలో టైప్ చేసిన యూజర్‌నేమ్ కూడా ఈ జాబితాలోకి వస్తాయి. వీటిని ఎవరూ ఫారంలో రాయలేదు కాబట్టి మనసు వాటిని "సిస్టమ్ డేటా" అనుకుంటుంది. నిజానికి ఇవన్నీ బయటివాళ్ల చేతిలో ఉన్నవే.

తర్వాత అవి ఎక్కడెక్కడ కనిపిస్తాయో చూడండి. జాంగోలో ఒక రికార్డును మాటల్లో చూపించే స్ట్రింగ్ ఫంక్షన్ ఉంటుంది కదా, దాంట్లో కస్టమర్ పేరు పెట్టారనుకోండి. ఆ పేరు లిస్ట్ పేజీ, ఎడిట్ పేజీ శీర్షిక, పైన ఉండే బ్రెడ్‌క్రంబ్, డిలీట్ చేసే ముందు వచ్చే నిర్ధారణ పేజీ, వేరే మోడల్‌లోని డ్రాప్‌డౌన్, హిస్టరీ పేజీ, హోమ్ పేజీలోని "ఇటీవలి చర్యలు" పెట్టె వరకు వెళ్తుంది. పైగా హిస్టరీలో ఆ స్ట్రింగ్ ఆ సమయానికి ఉన్నది ఉన్నట్టు విడిగా సేవ్ అవుతుంది. తర్వాత అసలు రికార్డును శుభ్రం చేసినా పాత కాపీ అక్కడే ఉండిపోతుంది.

ఈ కాగితం పని ఒక గంట పడుతుంది. విసుగ్గా అనిపించినా మానకండి, మిగతా అడుగులన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

రెండో అడుగు: ఎస్కేప్ ఎక్కడ ఆపేశారో వెతకండి

క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అనే పేరు 2000 సంవత్సరం నుంచీ ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే దీని గురించి అమెరికాలోని కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఫ్రేమ్‌వర్క్‌లు నెమ్మదిగా పాఠం నేర్చుకున్నాయి. జాంగో 2008లో వచ్చిన 1.0 నుంచి, రైల్స్ 2010లో వచ్చిన 3.0 నుంచి టెంప్లేట్‌లో పెట్టిన ప్రతి వేరియబుల్‌ని మనం అడగకుండానే ఎస్కేప్ చేస్తున్నాయి. అంటే యాంగిల్ బ్రాకెట్లు, కోట్స్, ఆంపర్సాండ్ గుర్తులను బ్రౌజర్ ట్యాగ్‌గా కాకుండా ఉత్త అక్షరాలుగా చూపించేలా మారుస్తాయి. జింజా అనే పైథాన్ టెంప్లేట్ లైబ్రరీని విడిగా వాడితే ఈ రక్షణ దానంతటది ఆన్ కాదు, ఫ్లాస్క్ మాత్రం హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లకు ఆన్ చేసి ఇస్తుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లలో ఆటోమేటిక్ ఎస్కేప్ అనేదే లేదు. ప్రతి చోటా ప్లగిన్ రాసేవాళ్లే చేసుకోవాలి.

కాబట్టి జాంగోలాంటి ఫ్రేమ్‌వర్క్‌లో తప్పు దొరికేది చాలావరకు మనమే ఎస్కేప్‌ని ఆపిన చోట. వాటి జాబితా చిన్నదే, ఎడిటర్‌లో ప్రాజెక్ట్ మొత్తం మీద సెర్చ్ చేస్తే దొరికిపోతాయి. జాంగోలో మార్క్_సేఫ్ ఫంక్షన్, టెంప్లేట్‌లో సేఫ్ ఫిల్టర్, ఆటోఎస్కేప్ ఆఫ్ బ్లాక్. రైల్స్‌లో రా, హెచ్‌టీఎంఎల్_సేఫ్. లారవెల్ బ్లేడ్‌లో రెండు కర్లీ బ్రాకెట్లకు బదులు ఒక కర్లీ బ్రాకెట్, రెండు ఆశ్చర్యార్థక గుర్తులతో రాసేది. ఫ్లాస్క్ అడ్మిన్‌లో కాలమ్ ఫార్మాటర్ల లోపల కనిపించే మార్కప్. జావాస్క్రిప్ట్ వైపు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, రియాక్ట్‌లో డేంజరస్లీసెట్‌ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, వ్యూలో వి-హెచ్‌టీఎంఎల్.

పాత జాంగో ప్రాజెక్ట్ అయితే అలో_ట్యాగ్స్ అనే లక్షణం కోసం కూడా చూడండి. ఒకప్పుడు అడ్మిన్ కాలమ్‌లో ట్యాగ్‌లు చూపించడానికి దీన్నే వాడేవారు. దాన్ని ట్రూ చేస్తే ఆ కాలమ్ మొత్తానికి ఎస్కేప్ పోయేది. 1.9లో దాన్ని వద్దన్నారు, 2.0లో తీసేశారు. కానీ అప్‌గ్రేడ్ చేసినప్పుడు చాలామంది ఆ లైన్ తీసేసి, దాని స్థానంలో మార్క్_సేఫ్ పెట్టేసి ముందుకు వెళ్లిపోయారు. రంధ్రం అలాగే ఉంది, పేరు మారింది అంతే.

సెర్చ్‌లో దొరికిన ప్రతి చోటా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ స్ట్రింగ్‌లో మొదటి అడుగులో రాసుకున్న ఫీల్డ్ ఏదైనా కలుస్తోందా? కలవకపోతే, అంటే మీరే రాసిన స్థిరమైన ఐకాన్ లాంటిదైతే, వదిలేయవచ్చు. కలుస్తుంటే గుర్తు పెట్టండి.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సపోర్ట్ టికెట్ల లిస్ట్ ఉండేది. అర్జెంట్ టికెట్లు ఎర్ర రంగులో కనిపించాలని ఒక కాలమ్ రాశారు. రంగు కోసం స్పాన్ ట్యాగ్, లోపల టికెట్ సబ్జెక్ట్, మొత్తం మార్క్_సేఫ్‌లో. చాలా కాలం ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఒకరోజు ఒక యూజర్ తన పేజీలో టేబుల్ సరిగా రావడం లేదని అడుగుతూ సబ్జెక్ట్‌లో టేబుల్ మూసే ట్యాగ్‌ని ఉన్నదున్నట్టు రాశాడు. లిస్ట్ పేజీ సగానికి విరిగిపోయింది. టీమ్ అంతా సీఎస్ఎస్ తప్పేమో అని గంటలు వెతికింది. ఆ యూజర్‌కి చెడు ఉద్దేశం లేకపోవడం మా అదృష్టం. మీ అడ్మిన్ పేజీ లేఅవుట్ ఏదో ఒక రికార్డు దగ్గర మాత్రమే విరుగుతోందంటే, అది డిజైన్ బగ్ అనుకోకుండా ముందు ఆ రికార్డులోని అక్షరాలు చూడండి.

మూడో అడుగు: కాలమ్‌లను ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్‌తో తిరగరాయండి

జాంగోలో దీనికి సరైన పనిముట్టు ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్. ట్యాగ్‌లు ఉన్న నమూనాను మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తారు, విలువలు రావలసిన చోట ఖాళీ కర్లీ బ్రాకెట్లు పెడతారు, విలువలను తర్వాతి ఆర్గ్యుమెంట్లుగా విడిగా ఇస్తారు. నమూనా మీది కాబట్టి దాన్ని నమ్ముతుంది. విలువలను ఒక్కొక్కటిగా ఎస్కేప్ చేసి పెడుతుంది. జాబితా చూపించాలంటే ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్_జాయిన్ ఉంది.

ఇక్కడే చాలామంది జారిపడతారు. పైథాన్‌లో ఎఫ్-స్ట్రింగ్ (కోట్ ముందు ఎఫ్ పెట్టి, వేరియబుల్‌ని నేరుగా స్ట్రింగ్‌లో కలిపేసేది) అలవాటు బలమైనది. ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ లోపల ఎఫ్-స్ట్రింగ్ రాసేస్తారు. అప్పుడు ఏం జరుగుతుంది? ఫంక్షన్‌కి చేరేసరికే కస్టమర్ పేరు నమూనాలో కలిసిపోయి ఉంటుంది. ఎస్కేప్ చేయడానికి విడిగా విలువ ఏదీ మిగలదు. పేరుకు సురక్షితమైన ఫంక్షన్, పనికి మార్క్_సేఫ్. రివ్యూలో చూసినవాళ్లు కూడా ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ అన్న పేరు చూసి సంతృప్తి పడతారు. ఈ తప్పు ఎంత సాధారణమంటే, విలువలేవీ ఇవ్వకుండా ఈ ఫంక్షన్‌ని పిలిస్తే జాంగో 5.0 నుంచి వార్నింగ్ ఇస్తోంది, 6.0 నుంచి నేరుగా ఎర్రర్ ఇస్తుంది. మీరు పాత వెర్షన్ మీద ఉంటే ఆ వార్నింగ్ కూడా రాదు. కాబట్టి ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్ ఉన్న ప్రతి లైన్‌నీ కళ్లతో చూడండి: కోట్ ముందు ఎఫ్ ఉందా, లోపల పర్సెంట్ గుర్తుతోనో ప్లస్ గుర్తుతోనో అతికించారా?

రంగు, ఐకాన్ లాంటి చిన్న అవసరాలకైతే ట్యాగ్‌లో పేరు పెట్టకుండానే పని జరుగుతుందేమో కూడా ఆలోచించండి. మా టికెట్ల లిస్ట్‌లో చివరికి సబ్జెక్ట్‌ని మామూలు కాలమ్‌గా వదిలేసి, పక్కన ఎర్ర చుక్క చూపించే ఇంకో కాలమ్ పెట్టాం. ఆ చుక్క పూర్తిగా మా సొంత ట్యాగ్, బయటి మాట అందులో లేదు. నా అనుభవంలో ఇంతకన్నా మంచి పరిష్కారం లేదు.

ఫ్రేమ్‌వర్క్ మీద గుడ్డి నమ్మకం మాత్రం వద్దు. 2015 మార్చిలో జాంగో 1.7.6లో సరిదిద్దిన లోపం ఇలాంటిదే. అడ్మిన్‌లో రీడ్‌ఓన్లీ ఫీల్డ్‌లుగా మోడల్ ఫీల్డ్‌లను పెడితే ఎస్కేప్ అయ్యేవి. మోడల్‌లోని ప్రాపర్టీని పెడితే మాత్రం ఎస్కేప్ అయ్యేది కాదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే జాబితాలో పక్కపక్కన రాస్తాం. డెవలపర్ తప్పేమీ లేకుండానే రంధ్రం ఏర్పడింది. అందుకే కోడ్ చదివి ఊరుకోకుండా, ఏడో అడుగులో చెప్పే టెస్ట్ కూడా రాయాలి.

నాలుగో అడుగు: లింక్‌లను వేరుగా పరీక్షించండి

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎస్కేప్ చేస్తే చాలు అన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

జాంగో అడ్మిన్‌లో యూఆర్‌ఎల్ ఫీల్డ్ తెరిస్తే, టైప్ చేసే పెట్టె పైన ప్రస్తుత విలువ క్లిక్ చేయదగిన లింక్‌గా కనిపిస్తుంది. ఆ విడ్జెట్‌లో 2013 ఆగస్టులో ఒక లోపం బయటపడింది. యూఆర్‌ఎల్ విలువను సురక్షితం అనుకుని నేరుగా పేజీలో పెట్టేస్తోంది. మిగతా యూజర్ డేటాలాగే చూసేలా సరిచేశారు. పని అయిపోయిందనుకున్నారు. ఆరేళ్ల తర్వాత, 2019 జూన్‌లో అదే విడ్జెట్‌లో మళ్లీ ఎక్స్‌ఎస్‌ఎస్. ఈసారి ఎస్కేప్ సరిగానే ఉంది. కానీ లింక్ విలువ హెచ్‌టీటీపీతో కాకుండా "జావాస్క్రిప్ట్" అనే స్కీమ్‌తో మొదలైతే? అందులో యాంగిల్ బ్రాకెట్ లేదు, కోట్ అవసరం లేదు, ఎస్కేప్ చేయడానికి ఏమీ లేదు. అడ్మిన్ ఆ లింక్‌ని క్లిక్ చేస్తే బ్రౌజర్ దాన్ని కోడ్‌గా నడుపుతుంది. 1.11.21, 2.1.9, 2.2.2 వెర్షన్లలో దీన్ని సరిచేశారు. లింక్ చూపించే ముందు ఆ విలువ సరైన యూఆర్‌ఎల్ అవునో కాదో అక్కడికక్కడే పరీక్షించడం మొదలుపెట్టారు.

"యూఆర్‌ఎల్ ఫీల్డ్‌లో తప్పు విలువ సేవ్ కాదు కదా" అని మీకు అనిపించవచ్చు. ఫారం ద్వారా వస్తే కాదు, నిజమే. కానీ జాంగోలో మోడల్ మీద సేవ్ పిలిస్తే వ్యాలిడేటర్లు నడవవు. బల్క్_క్రియేట్, అప్‌డేట్, నేరుగా ఎస్‌క్యూఎల్, మైగ్రేషన్ స్క్రిప్ట్ వేటిలోనూ నడవవు. ఏపీఐ వ్యూలో మీరు ప్రత్యేకంగా ఫుల్_క్లీన్ పిలవకుండా, సీరియలైజర్ కూడా పెట్టకుండా వదిలేస్తే, ఏ స్ట్రింగ్ అయినా డేటాబేస్‌లోకి చేరిపోతుంది. కాబట్టి డేటాబేస్‌లో ఉన్నది సరైన యూఆర్‌ఎల్ అని ఎప్పుడూ అనుకోకండి.

మీరు చేయవలసింది ఇది. అడ్మిన్ కాలమ్‌లలో, టెంప్లేట్‌లలో బయటి విలువను హెచ్‌రెఫ్‌లో పెట్టిన ప్రతి చోటును పట్టుకోండి. ఒక చిన్న ఫంక్షన్ రాయండి: విలువను పార్స్ చేసి, స్కీమ్ హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్ అయితేనే లింక్‌గా ఇవ్వాలి, మరేదైనా అయితే ఉత్త అక్షరాలుగా చూపించాలి. నిషేధ జాబితా మాత్రం రాయకండి. "జావాస్క్రిప్ట్ అని మొదలైతే ఆపు" అని రాస్తే, మధ్యలో ట్యాబ్ గుర్తు పెట్టో, పెద్దక్షరాలు చిన్నక్షరాలు కలిపో దాన్ని దాటేస్తారు. బ్రౌజర్లు వాటిని క్షమించి నడుపుతాయి. ఏవి అనుమతించాలో రాయడమే సరైన దారి. అట్రిబ్యూట్ విలువ చుట్టూ కోట్స్ తప్పనిసరి. కోట్స్ లేకుండా రాస్తే ఒక్క ఖాళీ స్పేస్ చాలు, కొత్త అట్రిబ్యూట్‌ని జొప్పించడానికి. ఆటో ఎస్కేప్ స్పేస్‌ని ఆపదు.

లింక్‌లో క్వెరీ భాగాన్ని మీరే అతికిస్తున్నారా? 2020 జూన్‌లో జాంగో 2.2.13, 3.0.7లలో సరిచేసిన లోపం అక్కడే ఉంది. ఫారిన్ కీ కోసం భూతద్దం బొమ్మతో ఉండే విడ్జెట్‌లో క్వెరీ విలువలను సరిగా యూఆర్‌ఎల్ ఎన్‌కోడ్ చేయలేదు. క్వెరీ విలువలను ఎప్పుడూ యూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ ఫంక్షన్ గుండానే పంపండి, ఆ తర్వాత ఆ మొత్తాన్ని ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్‌కి ఇవ్వండి. రెండు పనులూ వేరు, ఒకటి చేస్తే రెండోది అయినట్టు కాదు.

ఐదో అడుగు: జావాస్క్రిప్ట్ వైపు చూడండి

సర్వర్ పంపిన పేజీ శుభ్రంగా ఉన్నా, బ్రౌజర్‌లోకి వచ్చాక మీ స్క్రిప్ట్ దాన్ని పాడు చేయవచ్చు. 2016 జులైలో జాంగో అడ్మిన్‌లో జరిగింది ఇదే. సంబంధిత రికార్డును పాపప్‌లో ఎడిట్ చేసి సేవ్ చేస్తే, కొత్త పేరు వెనక పేజీలోని డ్రాప్‌డౌన్‌లోకి రావాలి. ఆ పేరును ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పెట్టారు. టెక్స్ట్‌కంటెంట్‌గా మార్చి సరిచేశారు. ఒక్క పదం మారితే సరిపోయింది.

మీ అడ్మిన్ స్క్రిప్ట్‌లలోనూ అదే చేయండి. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, జేక్వెరీలో హెచ్‌టీఎంఎల్, అపెండ్ పిలుపులు వెతకండి. మాటలు చూపించడానికే అయితే టెక్స్ట్‌కంటెంట్ చాలు. ఆటోకంప్లీట్ డ్రాప్‌డౌన్‌లు, డాష్‌బోర్డ్ చార్టుల్లో మౌస్ పెడితే వచ్చే చిన్న పెట్టెలు, నోటిఫికేషన్ టోస్ట్‌లు ఎక్కువగా ఈ తప్పుకి నిలయాలు. లైబ్రరీకి ఇచ్చిన లేబుల్‌ని అది హెచ్‌టీఎంఎల్‌గా పెడుతుందో, అక్షరాలుగా పెడుతుందో దాని డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి.

టెంప్లేట్‌లో స్క్రిప్ట్ ట్యాగ్ లోపల వేరియబుల్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. హెచ్‌టీఎంఎల్ కోసం చేసిన ఎస్కేప్ జావాస్క్రిప్ట్ లోపల సరైన రక్షణ కాదు. ఆన్‌క్లిక్ లాంటి అట్రిబ్యూట్‌లో అయితే మరీ ప్రమాదం. బ్రౌజర్ ముందు ఎస్కేప్‌ని విప్పేసి, ఆ తర్వాతే కోడ్‌గా చదువుతుంది. జాంగో 2.1 నుంచి జేసన్_స్క్రిప్ట్ అనే ఫిల్టర్ ఉంది. డేటాను నడవని జేసన్ బ్లాక్‌గా పేజీలో పెడుతుంది, మీ స్క్రిప్ట్ దాన్ని చదువుకుంటుంది. సేఫ్ ఫిల్టర్‌తో జేసన్‌ని స్క్రిప్ట్‌లోకి దించిన ప్రతి చోటునూ దీనితో మార్చేయండి.

ఆరో అడుగు: నిజంగా హెచ్‌టీఎంఎల్ చూపించాల్సినప్పుడు

కొన్నిసార్లు ఎస్కేప్ చేస్తే పని జరగదు. యూజర్ ఎడిటర్‌లో రాసిన వ్యాసం, వచ్చిన ఈమెయిల్ లాంటివి అడ్మిన్‌లో ప్రివ్యూ చూడాలి. ముందు మీ టీమ్‌ని అడగండి, నిజంగా ప్రివ్యూ కావాలా, సోర్స్‌ని అక్షరాలుగా చూపిస్తే సరిపోదా అని. చాలాసార్లు సరిపోతుంది.

తప్పదంటే, ప్రమాదకరమైన ట్యాగ్‌లను, అట్రిబ్యూట్‌లను తీసేసే శానిటైజర్ వాడండి. పైథాన్‌లో చాలాకాలం బ్లీచ్ వాడేవారు, 2023 జనవరిలో దాన్ని డిప్రికేట్ చేశారు. ఇప్పుడు ఎన్‌హెచ్3 వాడుకోవచ్చు. బ్రౌజర్ వైపు డామ్‌ప్యూరిఫై ఉంది. వర్డ్‌ప్రెస్‌లో కేఎస్‌ఈఎస్ కుటుంబ ఫంక్షన్లు ఉన్నాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో స్క్రిప్ట్ ట్యాగ్‌ని తీసేసే సొంత ఫంక్షన్ మాత్రం రాయకండి. బొమ్మ లోడ్ కాకపోతే నడిచే ఆన్‌ఎర్రర్ ఉంది, ఎస్‌వీజీ ఉంది, ఇంకా ఎన్నో దారులున్నాయి. ఆ పోటీలో మీరు గెలవరు.

దాని పైన ఇంకో కంచె వేయండి. ప్రివ్యూని శాండ్‌బాక్స్ అట్రిబ్యూట్ ఉన్న ఐఫ్రేమ్‌లో చూపించండి, స్క్రిప్ట్‌లకు అనుమతి ఇవ్వకండి. శానిటైజర్‌లో రేపు లోపం బయటపడినా స్క్రిప్ట్ నడవదు.

అప్‌లోడ్ చేసిన ఫైళ్లూ ఇదే కోవలోకి వస్తాయి. ఎస్‌వీజీ బొమ్మలాగే కనిపిస్తుంది, కానీ లోపల స్క్రిప్ట్ పట్టుకు రాగలదు. బొమ్మ ట్యాగ్‌లో చూపిస్తే నడవదు. అడ్మిన్ ఫైల్ లింక్ నొక్కి నేరుగా తెరిస్తే మీ డొమైన్ మీదే నడుస్తుంది. యూజర్ ఫైళ్లను వేరే డొమైన్ నుంచి ఇవ్వండి, లేదా తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయ్యేలా అటాచ్‌మెంట్ హెడర్ పెట్టండి.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఒక మాట. ఒకే సైట్ ఉన్న ఇన్‌స్టాలేషన్‌లో అడ్మినిస్ట్రేటర్‌తో పాటు ఎడిటర్‌కి కూడా ఫిల్టర్ లేని హెచ్‌టీఎంఎల్ రాసే హక్కు ఉంటుంది. అది లోపం కాదు, కావాలని ఇచ్చినదే. మీ ఎడిటర్లకు అది అక్కర్లేదనుకుంటే కాన్ఫిగ్ ఫైల్‌లో ఆపేసే స్థిరాంకం ఉంది, దాన్ని ట్రూ చేయండి.

ఏడో అడుగు: గుర్తు పెట్టిన మాటతో టెస్ట్ రాయండి

ఇక పరీక్ష. మీ లోకల్ డేటాబేస్‌లో, మొదటి అడుగులో రాసుకున్న ప్రతి ఫీల్డ్‌లోనూ ఒక గుర్తు మాట పెట్టండి. అంతకుముందు ఎక్కడా లేని మాట కావాలి, ఉదాహరణకు పరీక్ష7731. దాన్ని బోల్డ్ ట్యాగ్‌లో చుట్టండి, ముందు ఒక డబుల్ కోట్, ఒక సింగిల్ కోట్ పెట్టండి. ఇది ఎవరికీ హాని చేయదు. పేజీలో ట్యాగ్ అక్షరాలు అక్షరాలుగా కనిపిస్తే ఎస్కేప్ జరిగింది. మాట బొద్దుగా కనిపిస్తే అక్కడ రంధ్రం ఉంది. ఏ ఫీల్డ్‌దో తెలియడానికి ఒక్కో ఫీల్డ్‌కి ఒక్కో అంకె మార్చండి.

ఒకసారి చేతితో తిరిగి చూశాక దాన్ని ఆటోమేటిక్ టెస్ట్‌గా మార్చండి. జాంగో టెస్ట్ క్లయింట్‌తో సూపర్‌యూజర్‌గా లాగిన్ అయి, రిజిస్టర్ అయిన ప్రతి మోడల్‌కీ లిస్ట్, ఎడిట్, హిస్టరీ, డిలీట్ పేజీలు తెరిచి, సమాధానంలో ఎస్కేప్ కాని బోల్డ్ ట్యాగ్‌తో గుర్తు మాట లేదని నిర్ధారించే లూప్ రాయండి. మోడల్‌ల పేర్లు చేతితో రాయకండి, అడ్మిన్ రిజిస్ట్రీ నుంచే తీసుకోండి. అప్పుడు రేపు ఎవరైనా కొత్త మోడల్ చేర్చినా టెస్ట్ దాన్ని పట్టుకుంటుంది. సెర్చ్ పెట్టెలో, ఫిల్టర్ విలువల్లో కూడా గుర్తు మాట ఇచ్చి చూడండి. అడ్రస్ బార్ నుంచి వెంటనే పేజీలోకి వచ్చే రకం ఎక్స్‌ఎస్‌ఎస్ అక్కడ దొరుకుతుంది. ఫ్లాస్క్ అడ్మిన్ 1.5.2లో నమోదైన లోపం ఆ రకమే.

ఈ టెస్ట్‌కి ఒక పరిమితి ఉంది. టెస్ట్ క్లయింట్ జావాస్క్రిప్ట్ నడపదు కాబట్టి ఐదో అడుగులోని తప్పులు దానికి దొరకవు. పాపప్‌లు, ఆటోకంప్లీట్, డాష్‌బోర్డ్ ఇవి మాత్రం సెలీనియం లేదా ప్లేరైట్‌తో నిజమైన బ్రౌజర్‌లో తెరిచి, గుర్తు మాట బోల్డ్ ఎలిమెంట్‌గా మారిందా లేదా చూడండి. లింక్‌ల కోసం విడిగా ఇంకో టెస్ట్ కావాలి: తప్పుడు స్కీమ్ ఉన్న విలువను నేరుగా మోడల్ ద్వారా సేవ్ చేసి, పేజీలో అది హెచ్‌రెఫ్‌గా రాకూడదని.

ఎనిమిదో అడుగు: రెండో కంచె

కుకీకి హెచ్‌టీటీపీఓన్లీ పెట్టాం కదా, భయం లేదు అనేవాళ్లున్నారు. జాంగోలో సెషన్ కుకీకి అది ముందే ఆన్‌లో ఉంటుంది, ఉంచండి. కానీ అది ఆపేది కుకీని చదవడాన్ని మాత్రమే. పేజీలో నడిచే స్క్రిప్ట్‌కి కుకీ చదవాల్సిన పనే లేదు. అక్కడి నుంచే రిక్వెస్ట్ పంపితే బ్రౌజర్ కుకీని జత చేస్తుంది. రిక్వెస్ట్ మన సైట్ నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ ఆ పేజీలోని ఫారంలోనే ఉంది, స్క్రిప్ట్ దాన్ని చదువుకుంటుంది. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో దానంతటదే పాకిన శామీ వార్మ్ ఇలాగే, చూసినవాళ్ల సెషన్‌లోనే పనులు చేయించి, ఒక్కరోజు లోపే పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు చేరింది.

నిజంగా పనికొచ్చే కంచె కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. పేజీలో రాసిన ఇన్‌లైన్ స్క్రిప్ట్‌లు నడవకుండా, మీరు చెప్పిన చోటి నుంచి వచ్చినవే నడిచేలా బ్రౌజర్‌కి ఆదేశం ఇస్తుంది. జావాస్క్రిప్ట్ స్కీమ్ లింక్‌లనూ ఆపుతుంది. జాంగో 6.0లో ఇది ఫ్రేమ్‌వర్క్‌తోనే వస్తోంది, అంతకుముందు వెర్షన్లకు విడి ప్యాకేజీ ఉంది. సైట్ మొత్తానికి ఒకేసారి పెట్టాలని టెన్షన్ పడకండి. బయటి పేజీల్లో అనలిటిక్స్, వీడియోలు అవీ ఇవీ ఉంటాయి. అడ్మిన్‌లో అవేమీ ఉండవు కాబట్టి కఠినమైన పాలసీని ముందు అడ్మిన్‌కే పెట్టండి. రెండు వారాలు రిపోర్ట్ ఓన్లీగా, అంటే దేన్నీ ఆపకుండా ఉల్లంఘనలను నమోదు మాత్రమే చేసేలా నడిపి, ఏవి విరుగుతాయో చూసి, తర్వాత అమలు చేయండి. థర్డ్ పార్టీ అడ్మిన్ థీమ్‌లు ఇన్‌లైన్ స్క్రిప్ట్‌లు వాడుతుంటే ఈ దశలో బయటపడతాయి. అలాంటి థీమ్‌ని నేనైతే తీసేస్తాను.

మిగతావి క్లుప్తంగా. రోజువారీ పనికి సూపర్‌యూజర్ అకౌంట్ వాడకండి, టికెట్లు చూసే మనిషికి టికెట్ల అనుమతే ఇవ్వండి. కొత్త అడ్మిన్‌ని చేర్చడం లాంటి పనులకు పాస్‌వర్డ్ మళ్లీ అడిగేలా చేయండి. లైవ్‌లో డీబగ్ ఆన్‌లో ఉంచకండి. జాంగో ఎర్రర్ పేజీలో 2017లో, డీబగ్ టెంప్లేట్ ట్యాగ్‌లో 2022లో ఎక్స్‌ఎస్‌ఎస్ లోపాలు సరిచేశారు. సెక్యూరిటీ రిలీజ్ వచ్చిన వారంలోపు అప్‌డేట్ చేయండి.

లైవ్‌లో నిజంగా ఏదైనా దొరికితే

అనుమానం ఉన్న రికార్డును అడ్మిన్‌లో తెరిచి చూడకండి. మొదట చేసే తప్పు ఇదే. సర్వర్ షెల్ నుంచో, డేటాబేస్ కన్సోల్ నుంచో చదవండి. అది ఎప్పటి నుంచి ఉందో, ఎవరెవరు ఆ పేజీ తెరిచారో యాక్సెస్ లాగ్‌లో చూడండి. సూపర్‌యూజర్ల జాబితాను షెల్‌లో తీసి, తెలియని పేరుందా, కొత్తగా పెరిగిన అనుమతులు ఉన్నాయా చూడండి. అడ్మిన్ లాగ్‌లో ఆ సమయంలో జరిగిన మార్పులన్నీ ఒక్కొక్కటిగా వాళ్లు నిజంగా చేశారా అని అడగండి. అక్కడ నమోదయ్యేవి అడ్మిన్ ద్వారా జరిగినవి మాత్రమే, మీ సొంత వ్యూలు చేసినవి కాదు. సాక్ష్యం కాపీ తీసుకున్నాకే రికార్డును శుభ్రం చేయండి. సెషన్ టేబుల్ మొత్తం ఖాళీ చేసి అందరినీ లాగౌట్ చేయించండి, అడ్మిన్‌లందరి పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు మార్చండి. కోడ్‌లో రంధ్రం పూడ్చేవరకు ఆ కాలమ్‌ని లిస్ట్ నుంచి తీసేయండి, అది ఒక్క లైన్ మార్పు.

తప్పు మీ కోడ్‌లో కాక ఫ్రేమ్‌వర్క్‌లోనో ప్యాకేజీలోనో ఉందని తేలితే, అందరికీ కనిపించే ఇష్యూ ట్రాకర్‌లో రాయకండి. చాలా పెద్ద ప్రాజెక్టుల్లో సెక్యూరిటీ టీమ్‌కి రహస్యంగా రాసే దారి ఉంటుంది. ఏ వెర్షన్, ఏ పేజీ, ఏ ఫీల్డ్, హాని లేని గుర్తు మాటతో అది ఎలా కనిపిస్తోందో నాలుగు లైన్లలో రాసి పంపండి. సరిచేసిన వెర్షన్ వచ్చేవరకు వివరాలు మీ దగ్గరే ఉంచుకోండి. అదే అడ్మిన్ వాడే మిగతావాళ్లకు అప్‌డేట్ చేసుకునే సమయం దొరకాలి.